బలహీన పాదానికి బడి

ఆటగాడు కోచ్‌గా మారడమంటే తన ఒంటికి తెలిసిన ఒడుపును ఎదుటివారి ఒంటికి అబ్బించే వేరే వృత్తిని మొదటినుంచీ నేర్చుకోవడమే. ఫుట్‌బాల్‌లో ఇందుకు తెలంగాణ చూపగల గొప్ప ఉదాహరణ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, బడిపంతులుగా పనిచేసిన ఆయన, 1950 నుంచి 1963లో మరణించేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. బడి మైదానంలో ఈల ఊదే పీఈటీ సారుకు ఆయన వృత్తిరీత్యా పెద్దన్న వంటివారనవచ్చు.

ఆయన పనితనమంతా సాధనలోనే ఉంది. బలహీన పాదంతోనే, అంటే కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే, బంతిని తన్నాలనే నియమంతో పోటీలు నడిపారు. బంతిని కాళ్లతో నడిపించుకుంటూ పోయే డ్రిబ్లింగును నిషేధించిన పోటీలు పెట్టి, అందిన బంతిని వెంటనే తోటివానికి అందించే అలవాటు నాటారు. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన డిఫెండర్, అంటే గోలును కాచే వెనుకవరుస ఆటగాడు, జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టక రహీం ముందువరుసకు పంపగా, అతడు ఫైనల్లో దక్షిణ కొరియాపై గోలు కొట్టాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచేనాటికే రహీంను క్యాన్సర్ తొలుస్తున్నది.