హోల్స్ట్ గారి సావిత్రి

గుస్తావ్ హోల్స్ట్ (1874-1934) అనే ఇంగ్లీషు సంగీతకర్త పేరు చెప్పగానే చాలమందికి "గ్రహములు" అను వాద్యబృంద రచనయే గుర్తుకు వచ్చును. 1918లో లండన్‌లో తొలిసారి వినిపించిన ఆ రచనయే ఆయనకు పేరు తెచ్చినది. మనకు దగ్గరైనది మాత్రము వేరొకటి, 1908లో వ్రాసిన "సావిత్రి". అరగంట నడుచు చిన్న సంగీత నాటకము. కథ మన భారతములోనిదే.

ఆయనయు మావలెనే బడిపంతులు. చేతి నరముల నొప్పివలన పియానో విద్వాంసుడు కాలేక, ట్రాంబోన్ ఊది పొట్టపోసికొని, 1905 నుండి చనిపోవువరకు లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతము నేర్పినారు. వ్రాసికొనుటకు మిగిలినవి సెలవు దినములే. ఉన్న ఇంగ్లీషు అనువాదములు తమ పాటకు సరిపడక, సంస్కృతాక్షరములు, కొంచెము వ్యాకరణము నేర్చుకొని, నిఘంటువు సాయముతో ఋగ్వేద సూక్తములను తామే ఇంగ్లీషు చేసికొన్నారు. రబ్బరు తోటలో పెరిగి, ముప్పై దాటిన తరువాత శనివారపు తరగతిలో పెద్దబాలశిక్ష పట్టిన మాబోటివారికి ఆ కష్టము వేరే చెప్పనక్కరలేదు. ఒక్క వాక్యమునకు ఒక సాయంకాలము పోవును.

మొదట తప్పటడుగులు పడినవి. 1906లో ముగించిన "సీత"లో వాగ్నర్ ధోరణి గొంతు చించుకొనుట ఎక్కువని తరువాత తామే ఎగతాళి చేసికొన్నారు. మేఘదూతముపై వ్రాసిన బృందగానము 1913లో లండన్ శ్రోతలకు ఎక్కలేదు.

సావిత్రిలో ఆ బరువంతయు దింపివేసినారు. ముగ్గురు గాయకులు, కొద్దిమంది వాద్యకారులు, తెరచాటున స్త్రీల బృందము, అంతే. ఆరంభములో వాద్యమే లేదు. కనబడని మృత్యువు గొంతు ఒక్కటే వచ్చును. దానికి సావిత్రి గొంతు తోడగును గాని రెండును ఒక శ్రుతిలో కలియవు. మొదటిసారి విన్నప్పుడు యంత్రము చెడినదనుకొని మేము లేచి చూచితిమి! తూర్పుదేశపు కథ యనగానే పాములవాని బూర వంటి హంగులు చేర్చు అలవాటు పడమటి వారికి కలదు. ఇందులో అవి లేవు. ఇది చిన్న గొప్ప కాదు.

ఒక్కటి మాత్రము మాకు మింగుడు పడలేదు. భారతములో సావిత్రి మామగారి కన్నులు అడుగును, పోయిన రాజ్యము అడుగును, తండ్రికి కొడుకులను అడుగును. తుదకు తనకు నూర్గురు కొడుకులను అడిగి యముని ఇరకాటమున పెట్టును. హోల్స్ట్ గారు వీనినన్నిటిని తీసివేసి ఒక్క వరము ఉంచినారు. భర్త ప్రాణము తప్ప ఏదైన కోరుమనగా, నిండు జీవితము కోరును. భర్త లేనిదే అది నిండదనును. మృత్యువు మాట తప్పలేక వెడలిపోవును. అరగంటలో ఇంతకన్న చోటెక్కడిది అనవచ్చును. అయినను ఆ వరముల వరుసలోనే కదా కోడలి తెలివి ఉన్నది! అత్తింటిని, పుట్టింటిని మరచి తన జీవితము ఒక్కటే అడిగిన పిల్ల పాటలో ఎంత గొప్పగా ఉన్నను, మాకు సగము సావిత్రియే.

మా తరగతిలో ఈ రికార్డు వినిపించి కథ చెప్పినప్పుడు ఒక చిన్నది, "మామగారు ఏరి, సార్?" అని అడిగినది. ఈ నాటకములో లేరమ్మా అంటిమి. మరుసటి శనివారము ఎఱ్ఱన గారి అరణ్యపర్వ శేషము తీసికొని వెళ్లితిమి.