వాగ్దాన కార్డును డెబ్బది సంవత్సరములును: యిర్మీయా 29:11 వినియోగముపై ఒక విమర్శ

క్రైస్తవ నిరీక్షణకు ఆధారము దేవుని వాగ్దానమే అనుటలో మన సంఘములలో భేదాభిప్రాయము లేదు. అయితే ఆ వాగ్దానమును మనము ఏ విధముగా చదువుచున్నాము, ప్రజల చేతికి ఏ విధముగా అందించుచున్నాము అనునది పరిశీలింపదగిన విషయము. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుట మన తెలుగు సంఘములలో బాగుగా వ్యాపించిన ఆచారము. ఆ కార్డులపై తరచుగా కనబడు వచనములలో యిర్మీయా 29:11 ఒకటి. ఆ ఒక్క వచనము ఆధారముగా ఈ ఆచారమును విమర్శించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఈ విమర్శ మొదట మామీదనే. ఏలయనగా చాలా ఏండ్లు ఆ కార్డుల పళ్లెము పట్టుకొని నిలిచినవారము మేమే.

2020 డిసెంబరు 31 రాత్రి ఒక సహోదరి ఆ వచనమున్న కార్డు తీసికొనెను. 2021 మే నెలలో, కోవిడ్ రెండవ విడతలో, ఆమె భర్త మరణించెను. భూస్థాపన జరిగిన కొన్ని దినములకు ఆమె తన బైబిలులోనుండి ఆ కార్డు తీసి మాకు చూపి, "అయ్యగారూ, హాని చేయనని దేవుడు నాకు చెప్పాడన్నారు గదా, మరి ఇదేంటండీ?" అని అడిగెను. మేము ప్రార్థన చేసితిమి గాని జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నయే మాచేత ఆ అధ్యాయమంతయు తిరిగి చదివించెను.

ఉత్తరము ఎవరికి వ్రాయబడెను?

క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు రాజైన యెకొన్యాను, అధిపతులను, చేతిపనివారిని బబులోనుకు చెరగొనిపోయెను. అక్కడ ఉన్న పెద్దలకు, యాజకులకు, ప్రవక్తలకు, ప్రజలందరికి యెరూషలేమునుండి యిర్మీయా పంపిన ఉత్తరము 29వ అధ్యాయములో ఉన్నది. 11వ వచనములో "మీరు" అనబడినవారు వీరే. హెబ్రీ మూలములో అది స్పష్టమైన బహువచనము. తెలుగులో మాత్రము ఒక చిక్కు ఉన్నది. వాడుకలో ఒక్కరినైనను మర్యాదకొరకు "మీరు" అందుము. కనుక కార్డు చేతికి రాగానే ఆ మాట తనకొక్కరికే అని విశ్వాసి అనుకొనును. మన పాత తెలుగు బైబిలు సాధారణముగా ఒక్కరితో మాటలాడునప్పుడు "నీవు" అనియే అనును. అందులో "మీరు" కనబడిన చోట ఒక సమూహము ఉన్నదని మనము గ్రహింపవలెను.

రెండు సంవత్సరములా, డెబ్బదియా?

11వ వచనమునకు ముందు 10వ వచనమున్నది. బబులోనునకు డెబ్బది సంవత్సరములు గడచిన తరువాతనే దేవుడు వారిని దర్శించి తిరిగి రప్పించునని అది చెప్పుచున్నది. దీని బరువు తెలియవలెనంటే 28వ అధ్యాయము చదువవలెను. గిబియోనువాడైన హనన్యా యిర్మీయా మెడమీది కాడిని విరిచి, రెండు సంవత్సరములలోనే విడుదల కలుగునని ప్రకటించెను. అతడును యెహోవా నామమునే పలికెను. అతడును సమాధానమునే వాగ్దానము చేసెను. యిర్మీయా సహితము మొదట ఆమేన్ అనెను. కాని హనన్యా చెప్పిన కాలము దేవుడు చెప్పినది కాదు.

యిర్మీయా చెరలోనున్నవారికి ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడని, ఆ పట్టణపు క్షేమము కోరుడని వ్రాసెను. కోరెషు సెలవిచ్చినది క్రీ.పూ. 538లో. ఉత్తరము విన్ననాటికి నలుబది ఏండ్లున్నవాడు అప్పటికి బ్రతికియుండినయెడల నూరేండ్లకు చేరువైయుండును. విన్న పెద్దలలో అనేకులు బబులోనులోనే కన్నుమూసియుందురు. నష్టము రాదని వారికి చెప్పబడలేదు. అప్పటికే సమస్తము నష్టపోయినవారితో దేవుడు తన ప్రజలను విడువనని చెప్పెను.

10వ వచనము తీసివేసి 11వ వచనమును మాత్రమే ముద్రించినప్పుడు మాటలు యిర్మీయావే గాని భావము హనన్యాది. హనన్యా రెండేండ్ల గడువు ఇచ్చెను. మనము దానిని ఒక్క ఏడాదికి కుదించితిమి.

నిరీక్షణకు ఆధారము

ఒక్క వచనముద్వారా దేవుడు ఒక వ్యక్తిని ఆదరింపడా అని కొందరడుగుదురు. ఆదరించును. ఆస్పత్రి మంచముమీద ఒకే వచనము పట్టుకొని నిలిచినవారిని మేము చూచితిమి. కాని వాక్యమువలన ఆదరణ పొందుట వేరు, దానిని సంవత్సరపు హామీపత్రముగా పంచుట వేరు. మొదటిది వాగ్దానము చేసినవానిని నమ్మును. రెండవది మనము కోరుకొన్న ఫలితమును నమ్మును. ఫలితము రానినాడు విశ్వాసి దేవుడే అబద్ధమాడెనని తలంచును. లేదా తన విశ్వాసమే చాలలేదని కృంగిపోవును. రెండింటికిని కాపరి ఉత్తరవాదియగును.

హెబ్రీయులకు 11:13 ప్రకారము పితరులు వాగ్దానఫలము అనుభవింపక, దూరమునుండి చూచి, విశ్వాసముతోనే మృతినొందిరి. లేఖనము వారిని ఓడిపోయినవారిగా లెక్కింపలేదు. 2 కొరింథీయులకు 1:20లో పౌలు వాగ్దానములన్నిటిని క్రీస్తునందు స్థిరపరచుచున్నాడు. సిలువవేయబడినవాడు లేచెను గనుక సమాధియొద్ద నిలిచినవారికిని నిరీక్షణ ఉన్నది. 1964లో జర్మనీలో వెలువడిన యూర్గెన్ మోల్ట్‌మన్ నిరీక్షణా వేదాంత గ్రంథము వాదించినదియు ఇదే: వాగ్దానము ప్రస్తుత స్థితితో ఏకీభవించునది కాదు, దానిని ఎదిరించునది.

కొన్ని నెలల తరువాత మేము ఆ సహోదరి ఇంటికి వెళ్లి, ఆ ఉత్తరమును మొదటినుండి 14వ వచనమువరకు చదివితిమి. ఆమె చాలాసేపు ఊరకుండి, "అయితే వాళ్లలో చాలామంది కూడా కళ్లతో చూడలేదన్నమాట, అయ్యగారూ" అనెను. ఆమె దుఃఖము తీరినదని మేము చెప్పము. అయితే తాను ఒంటరిగా మోసపోలేదని ఆమెకు తెలిసెను.

ఆ తరువాత మేము పళ్లెము పట్టుట మానితిమి. ఆ రాత్రి ఒక అధ్యాయమంతయు సంఘముతో కలిసి చదువుచున్నాము. సేవకు సిద్ధపడుచున్న విద్యార్థులకు మేము చేయు మనవి ఒక్కటే. ఒక వాగ్దానమును ప్రకటింపకముందు దాని పై వచనమును చదువుడి.