స్త్రీల వోటుహక్కు: కాలనిర్ణయమున నొక పొరపాటు

తెలుగునాట స్త్రీల వోటుహక్కును గూర్చి వ్రాయువారు సామాన్యముగా 1921వ సంవత్సరముతో కథ నారంభింతురు. ఆ యేటి ఏప్రిలులో మదరాసు శాసనసభ, స్త్రీయను కారణమున వోటు నిరాకరింపరాదని తీర్మానించెను. 1919 నాటి శాసనము ఈ విషయమును తాను తేల్చక రాష్ట్రసభలకు వదలినందున దీనికి వీలు కలిగెను. తీర్మానము ఘనమైనదే. కాని దానిని ‘తెలుగు స్త్రీలకు వోటు వచ్చిన దినము’ అనుట చరిత్రకారునకు తగదు. ఆస్తియు పన్నును వోటునకు అర్హతలైయుండుటచే మదరాసు రాష్ట్రమునందే అది కొలదిమంది స్త్రీలకు మాత్రమే దక్కినది.

జహీరాబాదునుండి చూచినచో దోషము మఱింత తేటపడును. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలసి వినవచ్చు ఆ సీమ 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాకు వచ్చి, నేడు సంగారెడ్డి జిల్లాలో నున్నది. 1921లో అది నైజాము రాజ్యము. 1919 శాసనము అచ్చట చెల్లదు. 1939లో నైజాము ప్రకటించిన సంస్కరణములును వృత్తివర్గముల ప్రాతినిధ్యమునే తలపెట్టినవి గాని వయోజనులందఱికి వోటు నీయలేదు.

ఇచ్చటనే విమర్శకుడు నిలిచి చూడవలసిన విషయము కలదు. శాసనసభ నెన్నుకొను హక్కు జహీరాబాదున సామాన్య పురుషునకును లేదు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి 21 ఏండ్లు నిండినవారికెల్ల వోటు కలిగించెను. 1951-52 ఎన్నికలలో కూలివాడును వాని భార్యయు ఒక్కసారిగనే వోటరులైరి. ఇంగ్లండులో 1918లో 30 ఏండ్లు దాటిన స్త్రీలలో అర్హతగలవారికి వోటు లభించినది. పురుషులతో సమత్వమునకు 1928 వఱకు వేచియుండవలసెను. పురుషుని హక్కులో స్త్రీ భాగము పొందిన కథ యది. మదరాసు కథయు ఆ జాతిదే. జహీరాబాదు కథ వేఱు. అచ్చట పంచుకొనుటకు ముందున్న హక్కు లేదు. ఈ రెంటిని ఒక మూసలో పోయుటచేతనే మన గ్రంథములలో తెలంగాణపు స్త్రీ ముప్పదియేండ్లు వెనుకబడినదానివలె కనబడును.

మఱియొక వింత. 1917 డిసెంబరులో మదరాసున మాంటేగును కలిసి స్త్రీలకు వోటు కోరిన బృందమునకు నాయకురాలు సరోజినీ నాయుడు. ఆమె పుట్టినది హైదరాబాదు. ఆమె కోరిన సంస్కరణము ఆమె పుట్టిన ఊరికి వర్తింపలేదు. 1949 మార్చిలో ఆమె గతించునాటికి అచ్చట వయోజనుల వోటుతో ఎన్నిక జరిగియుండలేదు. 1921తో ఆరంభించువారు ‘వోటు ఇచ్చిరి’ అని వ్రాసి ఇచ్చినవారిని కర్తలను చేయుదురు. నాలుగేండ్ల ముందు అడిగినవారు వాక్యమున జాఱిపోవుదురు.

రుద్రమదేవితో ఈ చరిత్ర నారంభించు ఉపన్యాసకులును కలరు. అది సభారంజకమే కాని, ఒకతె రాజ్యమేలుటకును వేలమంది సమ్మతి నడుగుటకును సంబంధము లేదు. పైగా శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో కనబడును.

పేరు మాట వచ్చినది గనుక తొలి పట్టికల సంగతి చెప్పవలెను. దేశమున స్త్రీ వోటరులు సుమారు 8 కోట్లు. వారిలో దాదాపు 28 లక్షలమంది తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యననియో తల్లిననియో చెప్పినందున వారిని జాబితాలనుండి తొలగించిరి. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార సేను నివేదిక వీరిలో అధికులు బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము, మధ్యభారతము, వింధ్యప్రదేశములవారని తెలుపుచున్నది. దీనిని తెలంగాణమునకు అంటగట్టి కన్నీరు కార్చుట పరిశోధన కాదు. మన గ్రామముల స్త్రీ భర్త పేరు పలుకుటకు జంకును గాని తన పేరు దాచుకొనదు.

‘స్త్రీల వోటుహక్కు’ అను పదబంధమున స్త్రీ సంస్కృతము, వోటు ఇంగ్లీషు, హక్కు అరబ్బీ. జహీరాబాదు సంతలో మూడును చెల్లును. 2009లో ఆ స్థానమునుండి గీతారెడ్డి శాసనసభకు ఎన్నికైనది. అయినను తొలి పట్టికలోని సామాన్య స్త్రీలను గూర్చి మన పత్రికలలో వ్యాసములు అరుదు. తాళపత్రములను పరిష్కరించిన పండితులకు ఈ పని క్రొత్తది కాదు: మల్లమ్మ యనియు మల్లవ్వ యనియు రెండుచోట్ల కనబడిన పేరు ఒక్కతెదా, ఇద్దఱిదా యని తేల్చుటతో దీనిని మొదలిడవచ్చును.