చేతికి మిగిలే అద్దె

ఉండడానికి సొంత ఇల్లు అమర్చుకున్న మధ్యతరగతి కుటుంబం, మిగులు డబ్బుతో రెండో ఇల్లు కొని అద్దెకివ్వాలనుకోవడం తెలుగునాట పాత అలవాటే. హైదరాబాదులో గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్లు పెరిగిన కొద్దీ ఆ ఆలోచన విదేశాల్లో స్థిరపడిన పిల్లల దాకా వెళ్లింది. అయితే కొనే ముందు చదరపు అడుగు ధర గురించి జరిగినంత చర్చ, ఏడాది చివర చేతికి మిగిలే అద్దె గురించి జరగదు. అద్దె కోసం కొనే ఇంటిని అద్దె లెక్కతోనే తూచాలి. రేపు ధర పెరుగుతుందన్న ఆశ ఆ లెక్కకు అదనంగా చేరవచ్చు గాని, దాని స్థానంలో కూర్చోకూడదు.

ఏడాది అద్దెను మొత్తం పెట్టుబడితో భాగించి శాతంగా చెప్పేదాన్ని అద్దె రాబడి అంటారు. దేశంలోని పెద్ద నగరాల్లో నివాస గృహాలకు ఇది సాధారణంగా 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. ఉదాహరణకు 80 లక్షల రూపాయల ఫ్లాటు కొంటే, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున మరో 6 లక్షలు చేరి పెట్టుబడి 86 లక్షలవుతుంది. నెలకు 25 వేల అద్దె వచ్చినా, ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే పోయే అద్దె, ఇంటి పన్ను, రంగులు, ప్లంబింగ్ మరమ్మతులు కలిపి 60 వేలు తీసేస్తే మిగిలేది 2 లక్షల 40 వేలు, అంటే దాదాపు 2.8 శాతం. అదే ఫ్లాటుకు 60 లక్షల రుణం 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 52 వేలు. అద్దెతోనే వాయిదా గడిచిపోతుందని నమ్మి దిగినవారు, ఖర్చులు పోను మిగిలిన అద్దెకు ప్రతి నెలా జీతంలోంచి 30 వేలకు పైగా కలిపి సర్దాల్సి వస్తుంది. కాబట్టి రుణం ఎంత దొరుకుతుందన్నది కాక, ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉన్నా వాయిదా కట్టగలమా అన్నదే కొనుగోలుకు హద్దు కావాలి.

లెక్క కుదిరాక చూడవలసినవి కాగితాలు. ఆ ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, అంటే వాడుకలో ఈసీని, పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన లింకు డాక్యుమెంట్లతో పోల్చి న్యాయవాదికి చూపించాలి. అనుమతి పొందిన ప్లాను ప్రకారమే భవనం కట్టారని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందో లేదో తెలుసుకోవాలి. చెరువు దగ్గరి ఇల్లయితే ఎఫ్‌టీఎల్ కూడా చూడాలి; చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దును అలా అంటారు. హైదరాబాదులో ఆ హద్దు లోపలి అక్రమ కట్టడాలను కూడా తొలగించే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ 2024లో ఏర్పడ్డాక, ఇల్లు చెరువు పక్కన ఉందన్న ఆకర్షణ కంటే ఆ హద్దుకు లోపలుందా, బయటుందా అన్న ప్రశ్నే ముఖ్యమైంది.

ఇంటిని అద్దెకు వచ్చేవారి కళ్లతో చూడడం మరో మెలకువ. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి పై అంతస్తులో కుళాయి తిప్పి చూస్తే, నగర సరఫరా నీళ్లు వస్తున్నాయా, బోరు ఎండిందా, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో ఎంత పడుతోందన్నది బయటపడుతుంది. బస్సు లేదా మెట్రో ఎంత దూరం, పిల్లల బడి ఎటువైపు, రెండు బండ్లకు పార్కింగ్ ఉందా అన్న సంగతులు పాలరాతి గచ్చుకంటే ఎక్కువ కాలం అద్దెను నిలబెడతాయి.

అద్దె ఒప్పందాలు 11 నెలలకే రాసుకోవడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని దాని మూలపాఠం చెబుతుంది; తెలుగు రాష్ట్రాలకు వర్తించే సవరణ ప్రకారం మాత్రం లీజు ఎంత కాలానిదైనా రిజిస్టరు చేయించాలి. ఒప్పందం చిన్నదైనా అందులో అద్దె, అడ్వాన్సు, ఏటా పెంచే శాతం, ఖాళీ చేయడానికి ముందుగా చెప్పవలసిన గడువు, ఏ మరమ్మతు ఎవరిదన్నది స్పష్టంగా ఉండాలి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు మీటరు రీడింగు, ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు, తలుపుల స్థితి రాసి, ఫొటోలు జతచేసి ఇరువైపులా సంతకం పెడితే, ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోతల గురించి తగాదాకు తావుండదు.

పన్ను లెక్కలో, వచ్చిన అద్దెలోంచి యజమాని కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదానిపై అసలు ఖర్చు ఎంతైనా 30 శాతం మినహాయింపు, ఆపై రుణ వడ్డీకి తగ్గింపు లభిస్తాయి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారు మాత్రం ఇంటిపై తేలిన నష్టాన్ని జీతం ఆదాయంలో సర్దుకోలేరు. యజమాని ప్రవాస భారతీయుడైతే, అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవారే అద్దెలోంచి పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి ముందే చెప్పడం యజమాని బాధ్యత.

వీటన్నిటినీ మించి, ఇల్లు అద్దెకివ్వడం అంటే మరొక కుటుంబం రోజువారీ బతుకుకు చోటివ్వడం. కులం, మతం, తినే తిండి, ఒంటరిగా ఉంటారా అన్నవి అడిగి తలుపు మూసే యజమాని ఎదుటివారిని అవమానించడమే కాక, తన ఇంటిని తానే ఖాళీగా ఉంచుకుంటున్నాడు. అడగవలసినవి ఉద్యోగం, గుర్తింపు కార్డు, పాత యజమాని మాట. అంతకు మించి అక్కరలేదు. నీరు కారే పైపును వెంటనే బాగుచేయించి, అడ్వాన్సును గడువులోగా తిరిగిచ్చే యజమాని ఇంటికి మంచి కుటుంబాలే వచ్చి ఏళ్ల తరబడి ఉంటాయి. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవారు బ్రోకరుకు టోకెన్ ఇచ్చే ముందు ఒక కాగితంపై ఏడాది రాబడి, ఏడాది ఖర్చు రాసి తీసివేయాలి. ఆ మిగులు తృప్తినిస్తేనే సంతకం చేయాలి.