మడ్‌గార్డు మీద తెల్ల మచ్చ

పాతకాలపు నల్ల సైకిలు ఎక్కడైనా కనపడితే వెనక చక్రం వైపు ఒకసారి చూడండి. మడ్‌గార్డు కింది చివర జానెడు మేర తెల్లరంగు ఉంటుంది. దాని మీద ఎర్ర బిళ్ల. ర్యాలీ, హీరో, అట్లాస్, కంపెనీ ఏదైనా సరే, బండి అంతా నలుపు, అక్కడ మాత్రం తెలుపు. సోకు కోసం వేసిన రంగని చాలామంది అనుకుంటారు. దాని వెనక ఒక తగాదా ఉంది. ఆ తగాదా ఇప్పటికీ తీరలేదు.

1920, 30ల్లో బ్రిటన్ రోడ్ల మీద కార్లు పెరిగాయి. రాత్రిపూట సైకిళ్లను వెనక నుంచి గుద్దడమూ పెరిగింది. సైకిలు వెనక ఎర్రదీపం పెట్టాల్సిందేనని ఒక పక్షం పట్టుబట్టింది. అక్కడి సైకిలిస్టుల టూరింగ్ క్లబ్ ససేమిరా అంది. తన దీపం వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆపుకోగలిగిన వేగంతో వెళ్లడం కారు నడిపేవాడి పని అని వాళ్ల వాదన. వెనక దీపాన్ని చట్టం చేస్తే, రేపు గుద్దినవాడు ‘దీపం వెలగడం లేదండీ’ అని చేతులు దులుపుకుని పోతాడని వాళ్ల భయం. దీపం లేని సైకిలుకు ఎర్ర రిఫ్లెక్టరుతో పాటు తెల్ల మచ్చ కూడా ఉండాలని 1934 చట్టం చెప్పింది. అదొక రాజీ. 1939లో యుద్ధం వచ్చి, బాంబర్ల కంట పడకూడదని ఊళ్లలో వీధి దీపాలన్నీ ఆర్పేశాక ఆ రాజీ చెల్లలేదు. వెనక ఎర్రదీపం తప్పనిసరైంది. యుద్ధం పోయినా రూలు పోలేదు. మన దేశంలో తయారైన సైకిళ్లూ ఆ నమూనావే కాబట్టి తెల్ల మచ్చ మన ఊళ్ల దాకా నడిచొచ్చింది.

న్యాయం మాటకొస్తే నేను ఆ క్లబ్బు పక్షమే. కానీ డిసెంబరు తెల్లవారుజామున కాలవ గట్టు మీద తొక్కుతున్నప్పుడు న్యాయం ఎవరి పక్షాన ఉందో వెనకొచ్చే లారీకి తెలియదు. అందుకని దీపం పెట్టుకుంటాను. వాదన వాదనే, దీపం దీపమే.

మాది కృష్ణా పశ్చిమ డెల్టా. పొగమంచుకి కావలసిన సరంజామా అంతా ఇక్కడ ఒక్కచోటే దొరుకుతుంది. కోత అయిన తడి చేలు, పక్కన కాలవ, మబ్బు లేని ఆకాశం, ఆకు కదలని రాత్రి. నేల వేడి పైకి పోయి, నేలను అంటుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి తుంపరగా మారుతుంది. కిలోమీటరు లోపే కనపడుతుంటే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. పొద్దు పొడిస్తే మంచు విడిపోతుందని మనందరి నమ్మకం. చాలాసార్లు పొద్దు పొడిచిన కాసేపటికి అది మరింత చిక్కబడుతుంది. ఎండ తగిలి అడుగుగాలి కదలడం మొదలవుతుంది, చల్లగాలీ తేమగాలీ కలిసిపోతాయి. తూర్పు తెల్లబడింది కదా అని లైటు ఆర్పేసేది సరిగ్గా ఆ వేళే.

మా రోడ్డు మీద పాలక్యాన్లు కట్టుకుని వెళ్లే ఒక పెద్దాయన్ని అడిగాను. “బాబాయ్, వెనక చిన్న లైటు పెట్టుకోకూడదూ?”

“నలభై ఏళ్ల నుంచి ఇదే దారి అబ్బాయ్. కళ్లు మూసుకుని పోతాను. నాకెందుకు లైటు?”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గతుకు ఎక్కడుందో, కల్వర్టు ఎక్కడుందో, ఏ ఇంటి కుక్క వెంటపడుతుందో ఆయనకి తెలుసు. ఆయనకి దారి కనపడుతుంది. దారికి ఆయన కనపడుతున్నాడా అన్నది వేరే లెక్క. ఆ లెక్క వేయాలంటే సీటు దిగి, వెనకొచ్చే బండిలో డ్రైవరు పక్కన కూర్చోవాలి. చీకట్లో సైకిలు తొక్కడంలో ఉన్న పనితనమంతా నా దృష్టిలో ఇదే.

కూర్చుందాం. బండి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే సెకనుకి 22 మీటర్లు. ముందు ఏదో ఉందని గుర్తుపట్టి బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 35, 36 మీటర్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. మొత్తం దాదాపు 70. 50 మీటర్లే కనపడే మంచులో ఈ లెక్క ఎలా చూసినా తప్పుతుంది. డ్రైవరు వేగం తగ్గించాలి, అందులో సందేహం లేదు. తగ్గించనివాడి కోసమే ఈ కసరత్తంతా.

సైకిలు షాపులో ‘రేడియం’ అని అమ్మే మెరుపు టేపు ఉంది కదా, దాని పని చిత్రంగా ఉంటుంది. అందులో ఒదిగినవి సన్నటి గాజు పూసలో, అద్దపు మూలల్లాంటి పట్టకాలో. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తే మళ్లీ ఆ దిక్కుకే పంపిస్తాయి. రోడ్డు మధ్యలో మెరిసే పిల్లికళ్లను 1934లోనే ఇంగ్లండులోని హాలిఫాక్స్ మనిషి పెర్సీ షా పేటెంటు చేయించాడు, సూత్రం అదే. దీని గుణమూ దోషమూ ఒకచోటే ఉన్నాయి. లైటు ఎవరి దగ్గరుందో వాళ్లకే మెరుస్తుంది. పక్కన నిలబడ్డ మనిషికి అది బూడిదరంగు పట్టీ. కారులో డ్రైవరు కళ్లు హెడ్‌లైట్లకి దగ్గర కాబట్టి ఆయనకి బాగా మెరుస్తుంది. లారీ డ్రైవరు లైట్ల కన్నా చాలా ఎత్తులో కూర్చుంటాడు, తిరిగొచ్చిన వెలుగులో కొంతే ఆయన కళ్ల దాకా పోతుంది. మనకి ఎక్కువ భయం ఉన్న బండికే మనం తక్కువ మెరుస్తాం.

పొగమంచులో ఇంకో దెబ్బ. రిఫ్లెక్టరు మెరవాలంటే వెలుగు మంచులోంచి వెళ్లాలి, మళ్లీ మంచులోంచే తిరిగి రావాలి. సొంత దీపానికి ఒక్క ప్రయాణమే. 200 మీటర్ల చూపున్న మంచులో, వంద మీటర్ల దూరాన ఉన్న దీపం వెలుగులో అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువే డ్రైవరుకు చేరుతుంది. అదే దూరాన రిఫ్లెక్టరు విషయానికొస్తే, రానూ పోనూ కలిపి 20 వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. అమావాస్య చీకట్లో బ్రహ్మాండంగా పనిచేసిన టేపు మంచులో చతికిలబడేది ఇందుకే. చీకటికి టేపు చాలు, మంచుకి దీపం కావాలి. రెండూ ఒకే మందుతో కుదిరే జబ్బులు కావు. మెరిసే పసుపుపచ్చ జాకెట్టు సంగతి వేరు. అది పగటి వెలుగులోని అతినీలలోహిత కిరణాల్ని తీసుకుని మెరుస్తుంది కాబట్టి తెల్లవారాక మంచులో పనికొస్తుంది. రాత్రి హెడ్‌లైటు ముందు దాని ప్రతాపం ఏమీ ఉండదు.

టేపు ఎక్కడ అంటించాలి? అందరూ వీపు చూపిస్తారు. నేను కాళ్లు చూపిస్తాను. 1973లో గున్నార్ జొహాన్సన్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల కీళ్ల దగ్గర మాత్రమే చిన్న వెలుగు చుక్కలు పెట్టి, చీకట్లో నడిపించి ఫిల్ము తీశాడు. చుక్కలు కదలకుండా ఉంటే అదేమిటో ఎవరూ చెప్పలేరు. కదిలాయంటే క్షణంలో ‘మనిషి’ అంటారు. ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇదే సంగతిని సైకిలు మీద పరీక్షించారు. రాత్రిపూట, మూసిన రోడ్డు మీద, మెరుపు వెస్టుతో పాటు మోకాళ్లకీ చీలమండలకీ మెరుపు పట్టీలు కట్టుకున్నవాళ్లను డ్రైవర్లు 90 శాతం సందర్భాల్లో గుర్తుపట్టారు. వెస్టు ఒక్కటే అయితే 50. పసుపుపచ్చ వెస్టుకి 15. నల్లబట్టలకి 2. వెస్టు ఒక్కటే మెరిస్తే రోడ్డు పక్కన ఏ బోర్డో అనుకునే వీలుంది. పైకీ కిందికీ ఆడే రెండు చుక్కలు మాత్రం సైకిలు తొక్కే కాళ్లవే అయ్యుండాలి. పెడల్‌కి రెండు వైపులా పసుపు బిళ్లలు బిగించేది ఇందుకే. సైకిలుకి ముందు ఊడిపోయేవీ అవే, మళ్లీ ఎవరూ వేయించనివీ అవే. చీలమండకి రేడియం పట్టీ కట్టుకుంటే ప్యాంటు అంచు చైనులో పడకుండా కూడా ఉంటుంది. లుంగీ ఎగ్గట్టి తొక్కేవాళ్లకి అంత సుఖం లేదనుకోండి, పిక్క మీద కట్టుకోవాల్సిందే.

నల్లబట్టలంటే గుర్తొచ్చింది. మంచు కురిసే నెలలే అయ్యప్ప మాలల నెలలు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చేసి, నల్లబట్టలతో గుడికి వెళ్లేవాళ్లు రోడ్డు వారన గుంపులుగా కనపడతారు, కొందరు సైకిళ్ల మీద. కనపడతారు అన్నాను గానీ, దగ్గరికి వచ్చేదాకా కనపడరు. కండువా అంచుకి వేలెడు వెడల్పు మెరుపు పట్టీ కుట్టిస్తే దీక్షకి భంగం ఉండదని నా నమ్మకం. గురుస్వాములు ఒక మాట చెబితే చాలు.

ఇక దీపం. మా చిన్నప్పటి డైనమో ఆగితే ఆరిపోయేది, టైరు తడిస్తే జారేది, అంటే మంచు పడ్డ ప్రతి ఉదయం మొరాయించేది. దీపం లేకుండా దొరికితే పోలీసులు టైర్ల గాలి తీసేసేవాళ్లు. ఇప్పుడు రెండు వందల రూపాయల లోపు చార్జింగ్ ఎర్రలైటు వస్తోంది. పెట్టే చోటే ముఖ్యం. సీటు కింద బిగిస్తే క్యారియరు మీది గోనెసంచి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. బరువు వేసుకునేవాళ్లు లైటుని బరువుకే, అన్నిటికన్నా వెనక కట్టుకోవాలి. బాబాయి క్యానుకి అలా కట్టొచ్చు. మినుకు మినుకుమనే మోడు అందరికీ ఇష్టం, నాకు కాదు. కంటికి చప్పున తగులుతుంది, నిజమే. కానీ ఆరిపోయిన ప్రతిసారీ డ్రైవరు దూరం మళ్లీ కొత్తగా అంచనా వేసుకోవాలి. జర్మనీ చట్టం సైకిలుకి ఆ మోడు ఒప్పుకోదు. నిలకడగా వెలిగేది ఒకటి తప్పకుండా ఉండాలి, రెండోది ఉంటే అది మినుకుమంటే మననీ. రాత్రీ పగలూ 300, 400 కిలోమీటర్లు తొక్కే ‘బ్రెవే’ దూరపు సవారీల రైడర్లకైతే రాత్రిపూట ముందూ వెనకా లైట్లూ మెరుపు వెస్టూ ఉండి తీరాల్సిందే.

ముందు లైటు ముక్కు కిందికి వంచండి. మంచులో పైకి కొడితే ఎదురుగా తెల్లదుప్పటి పట్టుకున్నట్టు వెలుగంతా మన మొహానికే తిరిగొస్తుంది. పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుందని మెకానిక్కులు చెబుతారు. మంచు తుంపర వెలుగు అలల కన్నా చాలా పెద్దది, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. లైటు అద్దం మీద చెమ్మ పడుతుంది, అప్పుడప్పుడూ బొటనవేలితో తుడవాలి. స్టీలు రిమ్ముల సైకిలుకి తడిసిన రిమ్ము మీద బ్రేకు దాదాపు పట్టదు, కాబట్టి ముందే మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

ఇవన్నీ చేసినా రోడ్డు మన చేతిలో లేదు. కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యానిది. నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్న రాశిని తప్పించడానికి సైకిలు నడిరోడ్డు మీదికి రావాలి, సరిగ్గా వెనక బండి వచ్చే వేళకి. రైతుని తిట్టి లాభం లేదు, ఆరబెట్టుకోవడానికి కల్లం లేక రోడ్డెక్కాడు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. మంచి దారి. పాలక్యాన్లకి మాత్రం ఆ దారితో పనిలేదు, తెల్లవారకముందే తొక్కక తప్పనివాళ్లలో ఎక్కువమంది ఉండేది ఇలాంటి గట్టు రోడ్ల మీదే.

వాళ్లలో పేపరు వేసే కుర్రాళ్లు కూడా ఉన్నారు. మంచు పడ్డ రోజు పేపరు వ్యాను ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం పూడ్చడానికి కుర్రాళ్లు ఇంకా జోరుగా తొక్కుతారు. మా ఏజెంటుతో ఈ మాట అన్నాను, తలా ఒక ఎర్రలైటు కొనివ్వమని.

“వారం తిరక్కుండా పోగొడతారండీ,” అన్నాడు.

“అయితే భుజాన వేసుకునే సంచీ ఉందిగా, దాని మీద రేడియం కుట్టించు.”

“సంచీలు నావి కాదండీ. బట్టల షాపువాళ్లు యాడ్ వేసి ఇచ్చారు. ఖాళీ ఎక్కడుంది, సంచీ అంతా వాళ్ల పేరే.”

“పేరునే మెరిసే అక్షరాలతో వేయమని చెప్పు. చీకట్లో కూడా కనపడుతుందని చెప్పు.”

ఏజెంటు ఒక్క క్షణం ఆలోచించాడు. “అలా అడిగితే ఇస్తారండీ,” అని షాపు నంబరు కోసం ఫోను తీశాడు.