ఏ మందు తాగిండు?

ఆటోలోంచి దింపి స్ట్రెచర్ మీద వేయగానే మేం అడిగే మొదటి మాట ఇదే: "ఏ మందు తాగిండు? డబ్బా తెచ్చిన్రా?" చిన్న ఆస్పత్రిలో ఐసీయూ మీద పెట్టే ఖర్చు దండగా, పండగా అన్న ప్రశ్న హుజూరాబాద్‌లో చాలాసార్లు ఆ డబ్బా మీది పేరుతోనే తేలిపోతుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందైతే ఆఖరిదాకా పట్టు వదలకూడదు. నోట్లో నురగ, ఆవగింజంత కంటిపాప, ఛాతీలో గురగుర. విరుగుడు అట్రోపిన్. ఖరీదు తక్కువే, కానీ ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. అయిదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోతుంటే ట్రే నిండా విరిగిన గాజు మెడలు. సిస్టర్ చంకలో చెయ్యి పెట్టి తడి ఆరిందా అని చూస్తుంది. ఆరి, ఛాతీ తేటపడితే సగం గండం గడిచినట్టే.

మిగతా సగం ఒకటి నుంచి నాలుగో రోజు మధ్య వస్తుంది. తేరుకున్నాడనుకున్న మనిషి దిండు మీంచి తల ఎత్తలేడు. తర్వాత ఊపిరి కండరాలు సడలుతాయి. కొన్నాళ్లు వెంటిలేటర్ మీద కాపాడితే చాలామంది తిరిగి పొలానికి పోతారు. కట్లపాము కాటుకూ అంతే. వయసులో ఉన్న మనిషికి జీవితమంతా దక్కుతుంది. ఇంతకన్నా లాభసాటి ఐసీయూ వైద్యం నాకు తెలియదు.

గడ్డిమందు పారాక్వాట్ అయితే వేరే కథ. విరుగుడు లేదు. ఆక్సిజన్ ఎక్కువిస్తే ఊపిరితిత్తులకు ఇంకా కీడు. రోగి మాట్లాడుతూనే ఉంటాడు, వాళ్ల అన్న నా చెయ్యి పట్టుకుంటాడు: "సార్, ఎకరం అమ్ముత. పట్నంల మిషన్ మీద పెడితే బతుకుతడా?" ఎక్కువ తాగిన కేసైతే చెప్పేస్తాను: "అమ్మకు అన్నా. మిషన్‌తోని ఊపిరితిత్తులు మళ్ల రావు. నొప్పి తెల్వకుంట మేం చూస్తం, నువ్వు దగ్గర కూసో." ఆ మాట చెప్పకుండా అంబులెన్స్ ఎక్కించడం వైద్యం కాదు. శ్రీలంక 2008 నుంచి 2011 మధ్య ఈ మందును దశలవారీగా నిషేధించింది. మరణాలు తగ్గాయి, పంటలు తగ్గలేదు. ఏ ఐసీయూ కూడా అంత చవకగా ప్రాణాలు కాపాడలేదు.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో రోగులకు వైద్య విద్యార్థులు వంతులవారీగా సంచి పిండి గాలి అందించారు. ఐసీయూ అలా మొదలైంది, మనుషుల చేతులతో. కరోనా తర్వాత చిన్న ఆస్పత్రులకూ వెంటిలేటర్లు వచ్చాయి, మంచిదే. కానీ మనుషుల చేతులు ఇప్పటికీ కావాలి. పెద్దాస్పత్రి అయిన వరంగల్ ఎంజీఎం ఇక్కణ్నుంచి సుమారు నలభై కిలోమీటర్లు. అట్రోపిన్ సరిగా ఎక్కకుండా, సంచి పిండే మనిషి లేకుండా పంపితే దారిలోనే పోతారు. అందుకే ఒక్కటే కోరుకోమంటే, రాత్రి డ్యూటీకి ఇంకో స్టాఫ్ నర్సును ఇవ్వమంటాను.