కిన్నెర మెట్లు: సంఖ్య చెప్పేదెంత?

గద్వాల, వనపర్తి సంస్థానాల సాహిత్యవిద్యలో ఛందోగణితం ఒక భాగం. త్ర్యక్షర ప్రస్తారంలో మూడవ రూపమేదంటే నష్టక్రియ వల్ల రగణమని, రగణం ఎన్నవదంటే ఉద్దిష్టక్రియ వల్ల మూడవదని తేలుతుంది. ఒక రూపానికి ఒకే సంఖ్య, ఒక సంఖ్యకు ఒకే రూపం. అదే పాలమూరు సీమలోని కిన్నెరను కూడా మనం ఒక సంఖ్యతోనే గుర్తిస్తున్నాం. 2022లో పద్మశ్రీ పొందిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య వాద్యం ‘పన్నెండు మెట్ల కిన్నెర’గా ప్రసిద్ధం. ఈ సంఖ్య ఆ వాద్యపు శ్రుతిని నిర్ణయిస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

మెట్లు పన్నెండు, స్వరస్థానాలు పన్నెండు కావడం వల్ల రెండూ ఒకటేనని భ్రమపడే అవకాశం ఉంది. మెట్ల సంఖ్య వాద్యనిర్మాణానికి సంబంధించినది. ఆ మెట్లు ఎంత స్వరవ్యాప్తిని ఆవరిస్తాయో, వాటి అంతరాలు సమానమో కాదో అది చెప్పదు. మేళకర్తల కటపయాది సంకేతానికీ ఇదే పరిమితి ఉంది. ‘ధీర’ అన్న రెండక్షరాలు 29వ మేళాన్ని నిస్సందేహంగా సూచిస్తాయి. ఆ మేళంలోని అంతర గాంధారం ఎంత ఎత్తున పలకాలో సూచించవు.

షడ్జంతో 5/4 నిష్పత్తిలో ఉన్న గాంధారం సుమారు 386 సెంట్లు. నాలుగు పంచమాలను పేర్చి, రెండు స్థాయిలు దించగా వచ్చే 81/64 గాంధారం 408 సెంట్లు. సమభాగ పద్ధతిలో అది 400. ఉదాహరణకు 90 సెంటీమీటర్ల తంత్రిని తీసుకుంటే, మోగే భాగం మొదటిదానికి 72, రెండవదానికి 71.1 సెంటీమీటర్లు. తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. కిన్నెర మెట్లను నిలిపేది మైనం. మైనం మళ్లీ పెట్టినప్పుడు మెట్టు ఆ మేరకు జరిగినా అది పన్నెండు మెట్ల కిన్నెరే. పలికే స్వరం మాత్రం వేరు.

ఒక శ్రుతి సర్దుబాటును, అది ఏ సూక్ష్మాంతరాలను శూన్యంగా భావిస్తుందన్న దాన్నిబట్టి గణితం వర్ణిస్తుంది. పై రెండు గాంధారాల మధ్యనున్న 81/80ని, మూడు 5/4 గాంధారాలకూ స్థాయికీ మధ్య మిగిలే 128/125ని విస్మరిస్తే పన్నెండు సమభాగాల పద్ధతి సిద్ధిస్తుంది. 81/80, 2048/2025లను విస్మరించినా సిద్ధించేది అదే. వర్ణనలు రెండు, పద్ధతి ఒకటి. ఈ సందిగ్ధతను తొలగించేది 12, 19, 28 అన్న పూర్ణాంకాల వరుస. 2, 3, 5 అన్న నిష్పత్తులు షడ్జం నుండి ఎన్నెన్ని సమభాగాల ఎత్తున ఉంటాయో అది చెబుతుంది. శ్రుతికి ఇదే ఉద్దిష్టం. 12 ఒక్కటే చెబితే మొదటి పదం మాత్రమే చెప్పినట్లు.

అయితే ఈ వరుసను కిన్నెరపై ముందుగానే ఆరోపించడం కూడా పొరపాటే. గాయకుడు తన గొంతుకు, చెవికి అనుగుణంగా నిలిపిన మెట్లు ఏ సర్దుబాటుకూ లొంగకపోవచ్చు. 1550లో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో స్వయంభూ స్వరాల ఆధారంగా వీణమెట్ల స్థానాలను నిర్ణయించాడు, మెట్లను లెక్కించి ఊరుకోలేదు. మనకూ అదే మార్గం. తంత్రిని నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కొంత హెచ్చుతుంది కనుక పొడవు కొలిస్తే చాలదు, ప్రతి మెట్టు నాదాన్నే కొలవాలి.

పండుగ సాయన్న కథ వంటి గేయాలకు పాఠాంతరాలు సేకరించడం మన జానపద పరిశోధనకు అలవాటైన పనే. మైనం మార్చక ముందు, మార్చిన తరువాత మెట్ల శ్రుతులను నమోదు చేస్తే వాద్యానికీ పాఠాంతరాలు లభిస్తాయి. గాయకుడు దేన్ని మళ్లీ మళ్లీ సరిచేసి అదే చోట నిలుపుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. అతని సంగీతశాస్త్రం అక్కడ ఉంది. సాహిత్యాన్ని మాత్రమే భద్రపరిస్తే, మైనం కరిగిన నాడు ఆ శాస్త్రం కూడా జారిపోతుంది.